దోషమును రప్పించుట

బండికి వచ్చు రుగ్మతలలో నడిరోడ్డున బండిని నిలిపివేయునది ఒక విధముగా మేలు. అది యజమానిని వెంటనే షెడ్డుకు పంపును, మెకానిక్కు ఎదుట దాగదు, బాగుపడిన నాడు బాగుపడెనని అందరికిని తెలియును. మిస్సింగు అట్టిది కాదు. ఇంజను నడుచుచునే యుండును, సరకు చేరవలసిన చోటికి చేరుచునే యుండును. కాని ఎత్తు ఎక్కునప్పుడో, నాలుగు బస్తాలు అధికముగా వేసినప్పుడో, వాన కురిసిన మరునాటి ఉదయముననో ఇంజను తడబడి, స్టీరింగు పట్టిన చేతులకును సీటున ఆనిన నడుమునకును తెలియునట్లు దడదడ కొట్టి, పికప్పు తగ్గి, కొంతదూరము పోయిన పిదప ఏమియు ఎరుగనట్లు సాగిపోవును. పాలు పోయువాడు, కూరగాయలు తోలువాడు, కేటరింగు పాత్రలు మోయువాడు, బడిపిల్లలను దించువాడు, ఇట్లు వ్యాను మీద బ్రతుకు నడుపుకొను ప్రతివాడును, ఒక్క దినము బండి నిలిపినచో ఒక్క దినపు రాబడి పోవునను భయముచేత, అది నడిచినంతకాలము దానిని నడుపును. ఇక సాగదని తోచిన నాడు షెడ్డులో విడిచి, "ఏదో ఒకటి చేసి సాయంత్రానికి ఇచ్చెయ్యి మేస్త్రీ" అనును. మేస్త్రీ ఏదో ఒకటి చేసి ఇచ్చును. పక్షము తిరుగకమునుపే మిస్సింగు మరల వచ్చును.

మొండి మిస్సింగు మొండిదగుటకు కారణము దాని సూక్ష్మత గాని, మన మెకానిక్కుల అసమర్థత గాని కాదు. అది లేని చోట, లేని వేళ మనము దానికొరకు వెదకుచుండుటయే కారణము. ఘాటురోడ్డు మీద నిండు బరువుతో మాత్రమే వచ్చు దోషమును, ఖాళీ బండిని నీడపట్టున నిలిపి, ఐడిలింగులో బానెట్టు ఎత్తి చూచినచో కనబడునది ఏమున్నది? కనబడనప్పుడు మిగులునది అనుమానము. అనుమానము మీద ఒక భాగము మార్తురు. మార్చిన పిదప కూడ దోషము ఆ షెడ్డులో కనబడదు గనుక బాగైనదనుకొందురు. ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఒక్కటే: దోషమును తాను కోరినప్పుడు రప్పింపగలిగిన వానికే అది పోయినదని చెప్పుటకు అధికారము కలదు. రప్పించుట నేర్చిన పిదప పోగొట్టుటకు పట్టు కాలము చాల తక్కువ. అయితే రప్పించుటకు ఓర్పు కావలెను, "నాకింకను తెలియలేదు" అని రెండు మూడు దినములు మనసులో నిలుపుకొనగల నిబ్బరము కావలెను. బేరము పోవుచున్నదను తొందర మెడ మీద కూర్చున్నప్పుడు ఆ నిబ్బరము అలవడుట కష్టమని తెలిసియే దీనినింత విపులముగా వ్రాయుచున్నాను.

మొదట మిస్సింగనగా లోపల జరుగునదేమో గ్రహింపవలెను. పెట్రోలు ఇంజనులో ఒక సిలిండరు మండుటకు మూడు వస్తువులు ఏకకాలమున అమరవలెను: తగిన పాళ్ళలో గాలియు ఇంధనమును (బరువున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ళ గాలి), ఆ మిశ్రమమును నొక్కిపెట్టగల బిగువు, సరియైన క్షణమున చాలినంత బలము గల స్పార్కు. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఒక్కొక్క సిలిండరు క్షణమునకు, అనగా ఒక్క సెకండునకు, 25 మారులు మండవలెను. వానిలో రెండు మూడు తప్పినను చేతికి తెలియును. నేటి బండ్లలో క్రాంకుషాఫ్టునకు అమర్చిన పండ్ల చక్రము ఎదుట ఒక సెన్సరుండును. ఏ సిలిండరు వంతు వచ్చినప్పుడు క్రాంకు తోపు అందక వెనుకబడెనో అది కంప్యూటరునకు తెలుపును. అందుచేతనే స్కానరు పెట్టినప్పుడు పి0303 అని వచ్చినచో మూడవ సిలిండరు తప్పుచున్నదనియు, పి0300 అని వచ్చినచో తప్పుట ఒకదానికి పరిమితము కాలేదనియు అర్థము. ఈ సంఖ్యను పలువురు తీర్పుగా భావింతురు. అది తీర్పు కాదు, చిరునామా మాత్రమే. ఆ ఇంట దోషి ఎవడో, వాని నట్లు చేయించినదెవ్వరో ఆ సంఖ్య చెప్పదు, చెప్పజాలదు. గుడ్డిగా దానిని నమ్మి మూడవ ప్లగ్గునో మూడవ కాయిలునో మార్చుట, సగము తెలిసినది సంపూర్ణముగా తెలిసినట్లు నటించుటయే యగును.

ఇచ్చట ప్రాణప్రదమైన ఒక హెచ్చరిక చేయవలసియున్నది. డ్యాషుబోర్డు మీది చెక్ ఇంజను లైటు నిలుకడగా వెలుగుట వేరు, కొట్టుకొనుచు వెలుగుట వేరు. కొట్టుకొనుచున్నచో, మండని పెట్రోలు సైలెన్సరు దారిలోని క్యాటలిటిక్ కన్వర్టరునకు చేరి అచ్చట మండుచు దాని లోపలి గూటిని కరగించునంతటి వేడి పుట్టించుచున్నదని అర్థము. అప్పుడు యాక్సిలరేటరు మీది కాలు తీసి, బరువు తగ్గించుకొని, వీలైనంత త్వరలో బండిని ప్రక్కకు చేర్చవలెను. ఒక ప్లగ్గు వెలతో పోవలసిన నష్టము కన్వర్టరు వెల దాక పెరుగుట ఇట్లే.

రెండవ హెచ్చరిక మన షెడ్లలో పాతుకొనిన ఒక అలవాటును గూర్చినది. బండి రాగానే బ్యాటరీ టెర్మినలు తీసి పెట్టుట, లేక స్కానరుతో కోడులన్నియు తుడిచివేసి "మళ్ళీ వస్తే చూద్దాం" అనుట. కంప్యూటరు కోడును మాత్రమే వ్రాసికొనదు. దోషము పట్టుబడిన క్షణమున ఇంజను ఎన్ని చుట్లు తిరుగుచుండెనో, ఎంత బరువు లాగుచుండెనో, కూలెంటు ఎంత వేడిగానుండెనో, బండి ఎంత వేగమున పోవుచుండెనో అన్నియు ఒక చిత్తరువుగా దాచియుంచును. ఘాటు మీద జరిగినది షెడ్డులో నున్నవానికి చెప్పగల ఏకైక సాక్షి అదియే. టెర్మినలు ఊడదీయుట ఆ సాక్షి నోరు మూయుట. కోడు తుడుచుటకు ముందు ఆ వివరములను కాగితము మీద ఎక్కించుకొనుట, కనీసము ఫోనుతో ఫొటో తీసికొనుట, ఏ షెడ్డులోనైనను నిమిషములో జరుగు పని. స్టీరింగు దిగువ నుండు పదునారు కాళ్ళ సాకెట్టునకు తగిలించి ఫోనులో చూచుకొనదగిన చిన్న పరికరములు ఇప్పుడు చవుకగానే దొరకుచున్నవి. వ్యాను మీద జీవించువాడు అట్టిదొకటి గ్లవుబాక్సులో ఉంచుకొనుట మంచిది.

ఇక అసలు విచారణ డ్రైవరుతో ఆరంభము కావలెను, పానాతో కాదు. ఎప్పుడు వచ్చుచున్నది? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు సగము దారి నడిపించును. ఉదయము మొదటి స్టార్టులో కొంచెముసేపు దడదడలాడి, వేడెక్కిన పిదప సర్దుకొనునది, కూలెంటు గూడ క్రమముగా తగ్గుచున్నచో, రాత్రివేళ హెడ్ గాస్కెట్టు సందున నీరు సిలిండరులోనికి ఊరుచున్నదేమో అని అనుమానింపదగును. వేడెక్కిన తరువాతనే వచ్చి, ఆరగంట నిలిపినచో పోవునది, కాయిలు లోపలి చుట్టు వేడికి వ్యాకోచించి విడిపోవుటనో, క్రాంకు సెన్సరు వేడికి తడబడుటనో సూచించును. ఐడిలింగులో కొట్టుచు, వేగమున పోవునప్పుడు మాయమగునది, తరచుగా ఇన్‌టేకు వైపు ఎక్కడో దొంగగాలి చొరబడుటయో, లేక ఒక సిలిండరులో బిగువు తగ్గుటయో అయియుండును. బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు మాత్రమే వచ్చునది స్పార్కునో, ఇంధనపు ఒత్తిడినో వేలెత్తి చూపును. వాన, మంచు, వాటరు సర్వీసు, వీని తరువాత వచ్చినచో అధికభాగము స్పార్కు వైపే చూడవలెను.

బరువునకును స్పార్కునకును గల సంబంధము కొంచెము నిలిచి తెలిసికొనదగినది. జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిష్ పాషెన్ 1889లో నిరూపించిన నియమము ప్రకారము, రెండు ధ్రువముల నడుమ విద్యుత్తు దుముకుటకు కావలసిన వోల్టేజి వాని నడిమి దూరమును, అచ్చటి వాయువు పీడనమును గుణించిన లబ్ధము మీద ఆధారపడును. మన ప్లగ్గుల విషయమున ఆ లబ్ధము పెరిగినకొలది వోల్టేజియు పెరుగవలెను. యాక్సిలరేటరు నిండుగ తొక్కినప్పుడు సిలిండరులోనికి గాలి నిండుగా వచ్చి, నొక్కబడిన మిశ్రమము పీడనము హెచ్చును. ప్లగ్గు గ్యాపులో స్పార్కు దుముకుట కష్టమగును. అప్పుడు కాయిలు తన వోల్టేజిని ఇంకను పెంచును. ఎక్కడనైనను ఇన్సులేషను బలహీనముగా నున్నచో, గ్యాపులో దుముకవలసిన విద్యుత్తు ఆ బలహీనమైన దారినే బాడీకి పోవును. ఐడిలింగులో పీడనము స్వల్పము గనుక అదే ప్లగ్గు, అదే కాయిలు చక్కగా పనిచేయును. షెడ్డులో మంచిదిగను కొండ మీద చెడ్డదిగను కనబడు బండి అబద్ధమాడుట లేదు. రెండు చోట్లను రెండు వేరు వేరు ప్రశ్నలకు అది సత్యమే చెప్పుచున్నది. గ్యాపు అరిగి వెడల్పయిన పాత ప్లగ్గులు, సి.ఎన్.జి. వాడు బండ్లు ఈ నియమమునకు మరింత లోబడును. గ్యాసును వెలిగించుటకు పెట్రోలు కన్న అధికమైన వోల్టేజి కావలెను. కావుననే రెండు ఇంధనముల వ్యాను "గ్యాసులో మిస్సింగు, పెట్రోలులో బాగే" అన్నంత మాత్రమున గ్యాసు కిట్టును నిందింపరాదు. స్పార్కు బలము సన్నగిల్లినప్పుడు మొదట బయటపడునది గ్యాసు మీదనే. అయినను ఒక స్విచ్చు నొక్కి ఇంధనము మార్చి చూడగలుగుట గొప్ప సౌకర్యము. రెంటిలోను ఒకే సిలిండరు తప్పుచున్నచో ఇంజెక్టర్లను కొంతకాలము మరచిపోవచ్చును.

ఒక వ్యాను సంగతి వివరింతును. నర్సీపట్నము నుండి కిరాణా సరకు నింపుకొని లంబసింగి ఘాటు మీదుగా చింతపల్లి వైపు సంతలకు పోవు నాలుగు సిలిండర్ల పెట్రోలు వ్యాను అది. పల్లపు దారిలో ఏ లోపమును లేదు. ఘాటు మొదలుకాగానే, మూడవ గేరులో, ముఖ్యముగా చలికాలపు పొగమంచులో, దడదడ ఆరంభమగును. కోడు ఎల్లప్పుడును పి0303. మొదట ప్లగ్గులు నాలుగును మార్చిరి. కొన్ని వారములు బాగుగ నడిచెను. తిరిగి వచ్చినప్పుడు మూడవ కాయిలు మార్చి, ఆ ఊపులోనే ఇంజెక్టర్లు కడిగించి, ఎందుకైనను మంచిదని మరల కొత్త ప్లగ్గులు వేసిరి. ఇంకను కొన్ని వారములు బాగుగ నడిచెను. మూడవసారి తిరిగి వచ్చినప్పుడు ట్యాంకులోని పెట్రోలు మీదను, పెట్రోలు పోసిన బంకు మీదను నింద పడెను. చేతి చమురు వదలుట కన్న ఇందు పెద్ద నష్టము మరియొకటి కలదు: ఒకేసారి మూడు మార్పులు చేసినందున, బాగగుటకు కారణము ఏదో, మరల చెడుటకు కారణము ఏదో తెలిసికొను మార్గము మూసికొనిపోయెను.

నాలుగవసారి ఆ బండి చేరిన షెడ్డులోని మేస్త్రీ మొదట పానా పట్టలేదు. "కొండ మీదే కొడతందంటే కొండ మీదే చూడాలి గానీ, ఇక్కడ పెట్టుకుని ఏం చేస్తాం బాబూ" అని, బస్తాలు దింపనీయక, స్కానరు చేతబట్టుకొని ప్రక్క సీటున కూర్చుండెను. కొండ దాక పోవలసిన పని లేకపోయెను. తక్కువ వేగమున పెద్ద గేరు వేసి, కొద్దిపాటి ఎత్తు మీద నిండుగ యాక్సిలరేటరు తొక్కినచో సిలిండరులో పీడనము హెచ్చి ఘాటు మీది పరిస్థితియే ఏర్పడును. జనసంచారము లేని ఎత్తురోడ్డు ఏదైనను ఇందుకు చాలును. అట్లు తొక్కినప్పుడు మూడవ సిలిండరు లెక్క పెరుగుట స్కానరులో కనబడెను, కాలు తీయగానే నిలిచెను. దోషము పిలిచినచో పలుకు స్థితికి వచ్చినది. నా దృష్టిలో ఆ మరమ్మతులో కెల్ల ఉత్తమమైన భాగము అదియే. తక్కినదంతయు దాని ఫలము.

పిదప మూడవ సిలిండరు ప్లగ్గును రెండవ దానిలోనికి, రెండవ దానిని మూడవ దానిలోనికి మార్చి, కాయిళ్ళను కదలింపక, అదే ఎత్తు మీద అదే గేరున తొక్కి చూచిరి. ఈసారి కోడు పి0302. దోషము ప్లగ్గుతో పోయినది! తొందరపాటు గల వానికి ఇక్కడ విచారణ ముగిసిపోవును. ప్లగ్గు చెడ్డది, మార్చుము. కాని ప్లగ్గు అంతకుముందే రెండుసార్లు మారినది గదా? స్థానములు మార్చి చూచు పరీక్ష చెడినది ఏదియో చెప్పును; అది ఎందుచేత చెడెనో చెప్పదు. ఆ బండిని ఆరునెలలు బాధించినది ఈ రెండు ప్రశ్నలను ఒకటిగా భావించుటయే.

ఆ ప్లగ్గును వెలుతురున పట్టి చూచినప్పుడు, తెల్లని పింగాణీ మీద, పైనున్న టెర్మినలు అడుగు నుండి క్రింది లోహపు షట్కోణము వరకు, వెంట్రుకంత సన్నని నల్లగీత వంకరగా దిగియుండెను. గుడ్డతో తుడిచిన పోలేదు. గోటితో గీచిన పోలేదు. అది విద్యుత్తు నడిచిన దారి. ఒక్కసారి దుమికినప్పుడు మిగిలిన బొగ్గు రెండవసారి దుముకుటను సులభము చేయును, అందుచేత గీత ఏర్పడిన పిదప దానంతట అది ఎన్నడును మానదు. కాయిలును ప్లగ్గును కలుపు రబ్బరు బూటును ఊడదీసి లోనికి చూడగా, లోపలి గోడ మీద అదే వంకర గీత ఎదురుబొదురుగా నుండెను. కాయిలు మార్చినప్పుడు పాత బూటునే ఊడదీసి కొత్త కాయిలునకు తొడిగిరి. అట్టి బూట్లు విడిగా ఊడివచ్చును గనుక, చూచుటకు బాగుగనే యున్నది గనుక, అట్లు చేయుట మన షెడ్లలో సాధారణము. కొత్త ప్లగ్గు పింగాణీ శుభ్రముగా నున్నంతకాలము కరెంటు గ్యాపులో దుమికెను. బూటులోని బొగ్గు గీత కొన్ని వారములలో దాని మీదను తన ప్రతిరూపమును కాల్చి వేసెను. ప్రతి ప్లగ్గు మార్పును కొన్ని వారములు పనిచేయుటకు రహస్యమిదియే.

అక్కడనైనను ఆగరాదు. నాలుగు బూట్లలో ఇది యొక్కటే ఏల చెడెను? వేలితో తడిమినప్పుడు ఆ బూటు అంచు తక్కిన మూటివలె బిగువుగా నుండక, మెత్తబడి, కొంచెము ఉబ్బి, జిగటగా నుండెను. టార్చి వెలుగున ప్లగ్గు గొట్టము అడుగున చెంచాడు ఇంజనాయిలు నిలిచియుండెను. టాపెట్ కవరు ప్యాకింగులో ప్లగ్గు గొట్టము చుట్టునుండు సీలు గట్టిపడి, ఆయిలు చుక్క చుక్కగా దిగి, రబ్బరును పాడుచేసినది. మెత్తబడి వదులైన రబ్బరు సందున మంచు తడి చేరినది. తడిసిన సందున, ఘాటు మీద వోల్టేజి పెరిగిన వేళ, కరెంటు జారినది. మూలమున నున్నది సీలు, కొసన నున్నది ప్లగ్గు. కోడు కొసనే చూపెను. మార్పులన్నియు కొసననే జరిగెను.

సీలు, బూటు, ప్లగ్గు మార్చుటకు ముందు ఆ మేస్త్రీ చేసిన ఒక పరీక్షను, తరువాత చేసిన ఒక పరీక్షను విశేషించి చెప్పవలెను. చీకటి పడిన పిదప షెడ్డు దీపములార్పి, ఇంజను నడుచుచుండగా, ఇస్త్రీవారు వాడు స్ప్రే సీసాతో మూడవ కాయిలు చుట్టు సన్నని నీటి తుంపర చల్లెను. గొట్టపు నోటియొద్ద నీలపు మెరుపు టిక్కుటిక్కున కనబడెను, ఇంజను తడబడెను. మార్పులు చేసిన పిదప అదే తుంపర చల్లగా ఏమియు జరుగలేదు. ఎత్తురోడ్డు మీద ఏమియు జరుగలేదు. అప్పుడు మరొక పని చేసెను, దానికి ఎంతయో మనోనిగ్రహము కావలెను: పాత బూటును పాత ప్లగ్గును తిరిగి తొడిగి తుంపర చల్లెను. దడదడ తిరిగి వచ్చెను. తీసి కొత్తవి వేసెను, పోయెను. ఇక సందేహమునకు తావేది? పది నిమిషముల అదనపు శ్రమతో ఆ మనిషి "బాగైనట్లున్నది" అను మాట నుండి "బాగైనది" అను మాటకు చేరెను. ఈ పరీక్ష చేయగోరువారు నడుచు ఇంజను మీద కాయిళ్ళను చేతితో తాకరాదు, దరిదాపుల పెట్రోలు డబ్బాలు ఉండరాదు, ఆల్టర్నేటరు మీదను కంప్యూటరు కనెక్టర్ల మీదను నీరు పడనీయరాదు.

పూర్వపు కార్బురేటరు బండ్లలో, మూడు సిలిండర్ల 796 సి.సి. ఓమ్ని వంటి వానిలో, నడుచుచున్న ఇంజను మీద ఒక్కొక్క ప్లగ్గు వైరు ఊడబెరికి, ఏది తీసినను ఇంజను చప్పుడు మారదో అదే చచ్చిన సిలిండరని తేల్చెడివారు. ఆ పద్ధతి వెనుకనున్న తర్కము నేటికిని నిర్దుష్టము. చేయు విధానము మాత్రము మారవలెను. స్పార్కు పోవుటకు దారి లేనప్పుడు కాయిలు దెబ్బతినును, మండని పెట్రోలు కన్వర్టరునకు చేరును. ఇప్పటి బండిలో ఇంజెక్టరు కనెక్టరు ఊడదీసి అదే ప్రశ్న అడుగవచ్చును. పెట్రోలే రానందున హాని లేదు.

స్పార్కు నిర్దోషియని తేలినప్పుడు ఇంధనము వైపు తిరుగవలెను. కంప్యూటరు తన యంతట తాను పెట్రోలును ఎంత పెంచుకొనుచున్నదో, ఎంత తగ్గించుకొనుచున్నదో చూపు శాతములు, ఫ్యూయల్ ట్రిమ్ములు, స్కానరులో నుండును. పదిశాతమునకు మించి పెంచుకొనుచున్నచో మిశ్రమము పలుచబడుచున్నది. ఆ పెంపు ఐడిలింగులో అధికమై, వేగమున తగ్గినచో దొంగగాలి. ఐడిలింగులో సాధారణముగనుండి, బరువు పడినకొలది పెరిగినచో పంపో ఫిల్టరో చాలినంత పెట్రోలు అందించుట లేదు. ఈ ఒక్క భేదము గ్రహించినవాడు అక్కరలేని పంపులు ఎన్నియో కొనకుండును. పెట్రోలు ఒత్తిడిని కొలుచుటయు బరువు మీదనే కొలువవలెను. నిలిచిన బండిలో నీరసించిన పంపు కూడ గేజీని నిలబెట్టగలదు. ఒక సిలిండరే తప్పుచున్నచో నాలుగు ఇంజెక్టర్ల ఓములు కొలిచి ఒకదానితో ఒకటి పోల్చుట, పిదప రెంటి స్థానములు మార్చి చూచుట మార్గము.

రెండును నిర్దోషులైనచో బిగువు చూడవలెను. ప్లగ్గులన్నియు తీసి, పెట్రోలు, ఇగ్నిషను కట్టివేసి, థ్రాటిలు పూర్తిగా తెరచి, బలమైన బ్యాటరీతో ఒక్కొక్క సిలిండరు కంప్రెషను కొలిచినప్పుడు, అన్నిటికన్న తక్కువైనది అన్నిటికన్న ఎక్కువైన దానిలో నాలుగింట మూడు వంతులకు దిగరాదని స్థూలమైన లెక్క. తక్కువ వచ్చిన దానిలో చెంచాడు ఇంజనాయిలు పోసి మరల కొలిచినప్పుడు పెరిగినచో రింగులు, పెరుగనిచో వాల్వులు. ప్రక్క ప్రక్క సిలిండర్లు రెండును తగ్గినచో నడుమ గాస్కెట్టు. గ్యాసు మీద చిరకాలము తిరిగిన వ్యానులలో వాల్వు సీట్లు అరిగి టాపెట్ల సందు బిగిసిపోవుట తరచుగ కనబడు దోషము. వాల్వు పూర్తిగా మూయబడక, వేడి మీద బిగువు జారును. చల్లని ఇంజను మీద తీసిన కొలత బాగున్నదని దానిని విడిచిపెట్టరాదు.

వైర్ల సంగతి చిన్నదిగా కనబడును గాని ఓపికను పరీక్షించును. కనెక్టరులో పచ్చబారిన కాలు, బ్రాకెట్టునకు రాచుకొని పొర అరిగిన వైరు, రాత్రివేళ బానెట్టు క్రింద చేరిన ఎలుక పని, వదులైన ఎర్తు, ఇవి బండి ఊగినప్పుడే బయటపడును. ఇంజను నడుచుచుండగా తిరుగు భాగములకు దూరముగా వైర్ల జడను జానెడు జానెడుగా మెల్లగ కదలించుచు పోవలెను; ఇదియు దోషమును రప్పించుటయే.

డ్రైవరు వంతు పని గూర్చి ఒక మాట. షెడ్డుకు పోయి "మిస్సింగు కొడతంది" అని తాళము చేతికిచ్చి పోవుట చాలదు. చిన్న పుస్తకములో తేదీ, దారి, గేరు, బరువు, వాన ఉన్నదా లేదా, ట్యాంకులో పెట్రోలు ఎంత, గ్యాసు మీదనా పెట్రోలు మీదనా, ఏ దినము ఏ భాగము మార్చిరి అని వ్రాసికొనుచున్నచో, మేస్త్రీకి గంటల కొలది శ్రమ తగ్గును. తీసిన పాత భాగములను అడిగి ఇంటికి తెచ్చుకొనవలెను. అవమానించుటకు కాదు, మరల తొడిగి చూడవలసిన అవసరము వచ్చునని. ఒక అర్ధదినము మేస్త్రీ ప్రక్కన కూర్చుండుటకు సిద్ధపడుడు, ఆ అర్ధదినమునకు అతనికి కూలి వేరుగా ఇయ్యుడు; భాగములకు డబ్బిచ్చి, ఆలోచనకు ఇయ్యనివారికి భాగములే లభించును.

మరమ్మతు నిలిచెనని తేలిన పిదప కోడులు తుడిచి, నిండు బరువుతో ఎప్పుడు దోషము వచ్చెడిదో ఆ దారినే ఒకసారి పోయి వచ్చి, నాలుగు సిలిండర్ల మిస్సింగు లెక్కలును చూడుడు. తక్కిన మూడు ప్లగ్గు గొట్టములలోను టార్చి వేసి ఆయిలు జాడ వెదకుడు; ఒక సీలు గట్టిపడిన కవరులో మిగిలినవియు అదే వయసువి. చాలకాలము మిస్సింగుతో తిరిగిన బండియైనచో కొన్ని వారముల తరువాత పి0420 కోడు వచ్చునేమో గమనించుచుండుడు. అది వచ్చినచో మండని పెట్రోలు కన్వర్టరును పాడుచేసియుండవచ్చును. కన్వర్టరు మార్చు ఖర్చు పెట్టదగినదా కాదా అని సైలెన్సరు గొట్టము గాస్కెట్లను, వెనుక ఆక్సిజను సెన్సరును ముందుగ పరీక్షించి మరి నిశ్చయింపుడు.